జాబితాలో జాబితా: లూపు లేకుండ మార్చు విద్య – దాని పుట్టుపూర్వోత్తరములు

బాలనాగమ్మ కథ విననివారు తెలుగునాట అరుదు. మాయల మరాఠీని ఎదిరించి గెలుచుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఏలయనగా అతని ప్రాణము అతని దేహములో లేదు. ఏడు సముద్రముల కావల ఒక చిలుకలో దాగియున్నది. ఆ చిలుకను చేరిననే కాని పని నెరవేరదు. చేరుటకు ఒక ఆవరణము తరువాత మరియొక ఆవరణము దాటవలెను.

నేటి సంఖ్యాశాస్త్రజ్ఞుడు ఇంచుమించు ఇటువంటి చిక్కునే ఎదుర్కొనుచున్నాడు. అతనికి కావలసిన సంఖ్య ఒక జాబితాలో ఉన్నది. ఆ జాబితా ఇంకొక జాబితాలో ఉన్నది. అది వేరొకదానిలో ఉన్నది. లోపలి సంఖ్యను మార్చవలెను. కాని చుట్టునున్న వాటిని చెదరగొట్టరాదు. ఈ పనిని తప్పు లేకుండ చేయుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క దేశములో, ఒక్క శాస్త్రములో దొరకలేదు. తర్కశాస్త్రజ్ఞుల కాగితముల మీద మొలకెత్తి, కృత్రిమ మేధస్సును గూర్చి కలలు కన్నవారి చేతిలో పెరిగి, టెలిఫోను కంపెనీ పరిశోధనశాలకు చేరి, చివరకు న్యూజీలండులోని ఒక విశ్వవిద్యాలయములో అందరికిని అందుబాటు అయిన రూపమును ధరించినది. ఆ కథయే ఈ వ్యాసము.

వానలెక్కల పెట్టె

ముందుగ ఒక ఉదాహరణము చూతము. ఒక రాష్ట్రపు వర్షపాతపు లెక్కలన్నిటిని ఒకచోట చేర్చినామనుకొందము. రాష్ట్రములో జిల్లాలు, జిల్లాలో వర్షమాపక కేంద్రములు ఉన్నవి. ప్రతి కేంద్రమునకు మూడు వివరములు కలవు: కేంద్రము పేరు, సముద్రమట్టమునకు దాని ఎత్తు, నెలనెలకు కురిసిన వాన. పేరు అక్షరములతో కూడినది. ఎత్తు ఒకే ఒక సంఖ్య. వాన పండ్రెండు సంఖ్యల వరుస. ఒక జిల్లాలో రెండు కేంద్రములే ఉండవచ్చును. మరియొక జిల్లాలో తొమ్మిది ఉండవచ్చును. ఒకచోట కేంద్రములను జిల్లా క్రిందనే వ్రాసి, వేరొకచోట తాలూకాల వారీగ విడదీసి ఉండవచ్చును. ఇట్టి సమాచారమును సమానమైన గళ్లున్న పట్టికలో ఇముడ్చుట కష్టము. పెద్ద పెట్టెలో చిన్న పెట్టెలు, వాటిలో ఇంకను చిన్న పెట్టెలు అమర్చినట్లు అమర్చుటయే దీనికి సహజమైన పద్ధతి. ఇట్లు అమర్చినదానిని గర్భిత జాబితా అందుము.

పాత లెక్కలు అంగుళములలో ఉన్నవి. భారతదేశములో తూనికలు, కొలతల ప్రమాణములను గూర్చిన చట్టము 1956లో వచ్చిన తరువాత మెట్రిక్ కొలతలు క్రమముగ వాడుకలోనికి వచ్చినవి. కాబట్టి పాత అంకెలను నేటి అంకెలతో పోల్చవలెనన్న వాటిని మిల్లీమీటర్లలోనికి మార్చవలెను. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. 2 అంగుళముల వాన 50.8 మిల్లీమీటర్లగును, 3.5 అంగుళముల వాన 88.9 మిల్లీమీటర్లగును. ఈ గుణకారమును చిన్న తరగతి పిల్లవాడు కూడ చేయగలడు. చిక్కు గుణకారములో లేదు. ఎక్కడ గుణించవలెను, ఎక్కడ గుణించరాదు అను దానిలో ఉన్నది.

గానుగెద్దు పద్ధతి

1957లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ నుండి ఫోర్‌ట్రాన్ అను కంప్యూటరు భాష వెలువడినది. జాన్ బ్యాకస్ నాయకత్వమున ఒక చిన్న బృందము దీనిని రూపొందించెను. సూత్రములను గణితములో వ్రాయునట్లే వ్రాసి యంత్రమునకు అందించుట దీనితో సాధ్యమైనది. ఇందులో ‘డూ’ అను ఆజ్ఞ ఒకటి కలదు. ఒక లెక్కింపు సంఖ్యను 1 మొదలు 12 వరకు పెంచుచు, ప్రతిసారి ఒకే పనిని చేయించుట ఈ ఆజ్ఞ ప్రయోజనము. గానుగెద్దు ఒకే బాటలో చుట్లు తిరిగినట్లు యంత్రము ఆ ఆజ్ఞల చుట్టు తిరుగును. దీనినే లూపు అందురు.

ఒకే వరుసలోని పండ్రెండు సంఖ్యలను మార్చుటకు లూపు చక్కగ పనికివచ్చును. వానలెక్కల పెట్టె విషయములో మాత్రము ఒక లూపు చాలదు. జిల్లాలకొకటి, అందులో కేంద్రములకొకటి, దానిలో నెలలకొకటి – మూడు లూపులు కావలెను. మూడు లెక్కింపు సంఖ్యలు కావలెను. ఏ సంఖ్య ఏ అంతస్తుదో వ్రాయువాడు గుర్తుంచుకొనవలెను. ఒకదానికి బదులు మరియొకటి వ్రాసినచో తప్పు జరిగిపోవును. ఒక జిల్లాలో తాలూకా అను అంతస్తు అదనముగ వచ్చినచో మూడు లూపుల ప్రోగ్రాము అక్కడ పనిచేయదు. ఏలయనగా ఎన్ని అంతస్తులున్నవో ముందే తెలిసికొని, అన్ని లూపులను వ్రాయవలెను. లోతు మారినచో ప్రోగ్రాము మారవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. ఫోర్‌ట్రాన్ పద్ధతిలో పాత సంఖ్యను చెరిపి, ఆ చోటనే కొత్త సంఖ్యను వ్రాయుట వాడుక. సగము జిల్లాలు మారిన తరువాత ఏ కారణముననో పని ఆగిపోయినదనుకొందము. అప్పుడు పెట్టెలో సగము అంగుళములు, సగము మిల్లీమీటర్లు ఉండును. 40 అను అంకెను చూచి అది మిల్లీమీటర్లో, అంగుళములో చెప్పుట ఎట్లు? అంకె తన ప్రమాణమును తాను చెప్పుకొనదు. తెలియక మొదటినుండి మరల పనిచేయించినచో కొన్ని సంఖ్యలు రెండుసార్లు 25.4 చేత గుణింపబడును. అసలు లెక్క అప్పటికే చెరిగిపోయినది. ఆ లెక్కలను నమ్మి చెరువుకట్ట ఎత్తును నిర్ణయించు ఇంజనీరునకు ఈ సంగతి తెలియదు.

తర్కశాస్త్రజ్ఞుల దారి

లూపునకు ప్రత్యామ్నాయము కంప్యూటరు పుట్టకముందే గణితములో కలదు. 1888లో జర్మను గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ డెడెకిండ్ సహజసంఖ్యలను గూర్చి ప్రకటించిన గ్రంథములో, ఒక ప్రమేయమును దాని వెనుకటి విలువ ఆధారముగనే నిర్వచించుట న్యాయమేనని నిరూపించెను. విద్యార్థులెరిగిన క్రమగుణితము ఇందుకు మంచి ఉదాహరణము. 5 యొక్క క్రమగుణితమనగా 5 ను 4 యొక్క క్రమగుణితముచే గుణించగా వచ్చినది. 4 యొక్క క్రమగుణితమనగా 4 ను 3 యొక్క క్రమగుణితముచే గుణించగా వచ్చినది. ఇట్లు దిగుచు 1 వద్ద ఆగుదుము. నిర్వచనము తన్ను తానే పిలుచుకొనుచున్నది. అయినను ప్రతిసారి చిన్న సంఖ్యకు దిగుచున్నది కాబట్టి అంతము కలదు. దీనిని స్వీయావృత్తి అనవచ్చును.

రెండవ భావము అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునుండి వచ్చినది. అచ్చట ఆలొంజో చర్చ్ అను తర్కశాస్త్రజ్ఞుడు 1932, 1933 సంవత్సరములలో ప్రకటించిన పత్రములలో ప్రమేయములకు ఒక కొత్త సంకేతమును ప్రవేశపెట్టెను. ఆ సంకేతములో గ్రీకు అక్షరమైన లాంబ్డా ముందుండును. అందుచేత ఈ పద్ధతికి లాంబ్డా కలనము అని పేరు వచ్చినది. ‘ఒక సంఖ్యను తీసికొని 25.4 చే గుణించుము’ అను నియమమునకు పేరు పెట్టనక్కరలేదు. ఆ నియమమే ఒక వస్తువు. సంఖ్యను ఒక ప్రమేయమునకు అందించునట్లే, ఈ నియమమును కూడ మరియొక ప్రమేయమునకు అందించవచ్చును. చర్చ్ ఉద్దేశము గణితమునకు తార్కికమైన పునాదిని ఏర్పరచుటయే. వానలెక్కలు అతని తలపులో లేవు. అయినను ‘పనిని కూడ ఒక వస్తువుగ చేతికందించవచ్చును’ అను భావము తరువాతి కాలమున ఎంతో ఉపకరించినది.

మెకార్తీ ఎదుర్కొన్న అవకలనము

ఈ రెండు భావములను యంత్రము మీదికి తెచ్చినవాడు జాన్ మెకార్తీ. అతనికి ముందే, 1950–60 దశకము మధ్యలో, ఆలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ అనువారు జాబితాలను నడుపుటకు ఒక యంత్రభాషను కల్పించి, తర్కసిద్ధాంతములను నిరూపించు ప్రోగ్రామును వ్రాసియుండిరి. ఒక వస్తువు వద్ద తరువాతి వస్తువు చిరునామాను వ్రాసియుంచుట వారి పద్ధతి. అందుచేత జాబితా ఎంత పొడవైనను, ఎంత లోతైనను కావచ్చును.

1958 వేసవిలో మెకార్తీ ఐ.బి.ఎం. సంస్థలో ఉండి, బీజగణిత సమాసములను అవకలనము చేయు ప్రోగ్రామును ఎట్లు వ్రాయవలెనని ఆలోచించెను. ఇంటర్మీడియెట్ విద్యార్థులు ఎరిగిన నియమమునే గమనించుడు. ఒక మొత్తము యొక్క అవకలనమనగా అందులోని పదముల అవకలనముల మొత్తము. ఆ పదములలో ఒకటి లబ్ధము కావచ్చును. ఆ లబ్ధములో మరల ఒక మొత్తము ఉండవచ్చును. సమాసమే ఒక గర్భిత జాబితా. లోతు ఎంతయో ముందుగ తెలియదు. కావున ఇన్ని లూపులని వ్రాయుట అసాధ్యము.

మెకార్తీ కనుగొన్న ఉపాయము సులభమైనది. జాబితాలోని ప్రతిదానికి ఒక ప్రమేయమును ప్రయోగించి, వచ్చిన ఫలితములతో కొత్త జాబితాను కట్టి ఇచ్చు పనివాని నొకనిని అతడు కల్పించెను. ఆ పనివాని పేరు ‘మ్యాప్‌లిస్ట్’. ఏ ప్రమేయమును ప్రయోగించవలెనో ఆ పనివానికి చెప్పవలెను గదా! అందుకు చర్చ్ గారి లాంబ్డా సంకేతమును అతడు ఎరువు తెచ్చుకొనెను. అవకలనపు నియమము పదములకు తన్ను తానే ప్రయోగించుకొనుచు లోపలికి దిగును. ఎక్కడను లెక్కింపు సంఖ్య లేదు.

ఇందులో పాత సమాసమును చెరుపుట లేదు. కొత్త సమాసము ప్రక్కన తయారగును. దీనివలన అసలు నిలిచియుండును. కాని యంత్రపు జ్ఞప్తి వాడిపారవేసిన ముక్కలతో నిండిపోవును. వాటిని చెరుపు ఆజ్ఞలను ప్రోగ్రాములో ఇరికించినచో నియమము అందము చెడుచున్నది. అందుచేత ఎవరికిని అక్కరలేని ముక్కలను యంత్రమే వెదకి ఏరివేయు ఏర్పాటును మెకార్తీ కల్పించెను. చెత్త ఏరివేత అని దానికి పేరు. నేటి అనేక కంప్యూటరు భాషలలో ఇది కలదు.

1960 ఏప్రిల్‌లో ఈ భాషను గూర్చిన మెకార్తీ పత్రము అచ్చయినది. భాష పేరు లిస్ప్. ఆ పత్రములో ‘సబ్‌స్ట్’ అను చిన్న ప్రమేయము ఉన్నది. ఒక గర్భిత జాబితాలో ఒక గుర్తు ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడెల్ల దానికి బదులు వేరొక వస్తువును పెట్టుట దాని పని. నియమమును తెలుగులో ఇట్లు చెప్పవచ్చును:

చేతికి వచ్చినది విడి వస్తువైనచో, అది వెదకుచున్న గుర్తేనా చూడుము. అదియే అయినచో కొత్త వస్తువును ఇమ్ము. కానిచో ఉన్నదానినే తిరిగి ఇమ్ము. చేతికి వచ్చినది జాబితా అయినచో, దాని మొదటి భాగమునకును, మిగిలిన భాగమునకును ఈ నియమమునే ప్రయోగించి, వచ్చిన రెంటిని కలిపి ఇమ్ము.

ఇంతే. పెట్టె రెండంతస్తులదైనను, ఇరువది అంతస్తులదైనను ఈ నియమములో ఒక్క అక్షరము మార్చనక్కరలేదు. గర్భిత జాబితాను లూపు లేకుండ మార్చు విద్యకు ఇది తొలి పాఠములలో ఒకటి.

ఫోర్‌ట్రాన్ కర్త జాన్ బ్యాకస్ కూడ కాలక్రమమున ఈ దారికే వచ్చుట విశేషము. 1977లో ట్యూరింగ్ బహుమానము అందుకొన్న సందర్భమున చేసిన ఉపన్యాసములో అతడు, జ్ఞప్తిలోని ఒక్కొక్క గదిని తడవి మార్చు పద్ధతి మన ఆలోచనను కూడ ఇరుకు చేయుచున్నదని వాదించెను. ‘అన్నిటికి ప్రయోగించుము’ వంటి సమష్టి క్రియలతో ప్రోగ్రాములు కట్టవలెనని అతడు సూచించెను. గానుగను కట్టిన వడ్రంగియే గానుగ చాలదని చెప్పినట్లయినది.

టెలిఫోను కంపెనీలో సంఖ్యాశాస్త్రము

న్యూజెర్సీలోని మర్రేహిల్ వద్ద బెల్ టెలిఫోన్ లాబొరేటరీ ఉండెను. 1970–80 దశకములో అచ్చటి సంఖ్యాశాస్త్రజ్ఞులు ఫోర్‌ట్రాన్‌లో వ్రాసిన పెద్ద ఉపప్రోగ్రాముల భాండారమును వాడుచుండిరి. లెక్క చిన్నదైనను దానిని చేయించుటకు ఒక ప్రోగ్రామును వ్రాయవలసి వచ్చుచుండెను. సంఖ్యాశాస్త్రజ్ఞుడు దత్తాంశములను గూర్చి ఆలోచించుటకు బదులు లూపులను గూర్చి ఆలోచించవలసి వచ్చెను.

1976 మే నెలలో జాన్ చేంబర్స్, రిక్ బెకర్ మొదలగువారు కూడి ఒక కొత్త వ్యవస్థను గూర్చి చర్చించిరి. దాని ఫలితమే ‘ఎస్’ అను భాష. మనసులోని భావమును త్వరగను, వికృతి లేకుండను ప్రోగ్రాముగ మార్చగలుగుట దీని ఆశయమని చేంబర్స్ అనేక పర్యాయములు చెప్పెను. ఈ భాషలో ఒక వరుసలోని సంఖ్యలన్నిటిని ఒక్క గుర్తుతో గుణించవచ్చును. నెలల కొరకు లూపు అక్కరలేదు. వరుసలను సమష్టిగ చూచు ఈ దృష్టికి కెనెత్ ఐవర్సన్ 1962లో తన గ్రంథములో వివరించిన ఏ.పి.ఎల్. అను భాష అంతకుముందే మార్గము చూపియుండెను.

1988లో బెకర్, చేంబర్స్, ఆలన్ విల్క్స్ కలిసి కొత్త ఎస్ భాషను వివరించు గ్రంథమును ప్రకటించిరి. ఇందులో ప్రమేయము కూడ సంఖ్యవలెనే భాషలోని ఒక వస్తువు అయినది. కాబట్టి ప్రమేయమును మరియొక ప్రమేయమునకు అందించుట సులభమైనది. ‘ఎల్-అప్లై’ అను ప్రమేయము ఈ గ్రంథములో కనబడును. మొదటి అక్షరము లిస్టును సూచించును. జాబితాను, ఒక పనిని దీనికి అందించినచో, ప్రతి అంశమునకు ఆ పనిని చేసి, అంతే పొడవుగల కొత్త జాబితాను ఇచ్చును. ఇది మెకార్తీ మ్యాప్‌లిస్ట్‌కు దగ్గర చుట్టము. అయితే ఇది ఒక్క అంతస్తు మాత్రమే దిగును. 1998లో చేంబర్స్ ప్రకటించిన గ్రంథములో ‘ఆర్-అప్లై’ అను దాని తోబుట్టువు కనబడినది. ఇది స్వీయావృత్తితో అట్టడుగు వరకు దిగును. అదే సంవత్సరము కంప్యూటరు శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమైన ఏ.సి.ఎం. ఎస్ భాషకుగాను చేంబర్స్‌ను బహుమానముతో గౌరవించెను.

ఆక్లండు నుండి అందరికి

ఎస్ భాష వ్యాపారవస్తువుగ అమ్ముడుపోవుచుండెను. న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు సంఖ్యాశాస్త్ర ఉపాధ్యాయులు విద్యార్థులకు పాఠము చెప్పుటకు తగిన సాధనము కావలెనని తలచిరి. లిస్ప్ సంతతికి చెందిన ‘స్కీమ్’ అను చిన్న భాష 1975లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయములో పుట్టినది. జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ దాని కర్తలు. ఇహాకా, జెంటిల్‌మన్‌లు స్కీమ్ పోలికగల చిన్న యంత్రాంగమును కట్టి, దానికి ఎస్ భాష వేషము వేసిరి. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరమునే భాషకు పెట్టి ‘ఆర్’ అనిరి. ఈ విధముగ లిస్ప్ వంశమును, ఎస్ వంశమును ఒక ఇంట కలిసినవి.

1993లో దీనిని గూర్చి మొదటి ప్రకటన వెలువడినది. 1995లో మూలప్రోగ్రామును అందరికి ఉచితముగ ఇచ్చిరి. ఎవరైనను తీసికొనవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును. 1997 నుండి అనేక దేశములవారితో కూడిన ఒక బృందము దీని బాధ్యతను వహించినది. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 అను సంచిక వచ్చినది. సామాన్యమైన కంప్యూటరు ఉన్న ఏ పాఠశాలయైనను రూపాయి ఖర్చు లేకుండ దీనిని తెచ్చుకొనవచ్చును.

మరల వానలెక్కలకు

ఇప్పుడు ఆర్ భాషతో మన పెట్టెను తెరువుదము. ఆర్-అప్లైకి మూడు సంగతులు చెప్పవలెను: ఏ పెట్టె, ఏ పని, ఏ జాతి వస్తువులకు. ఫలితము ఏ రూపమున రావలెనో కూడ చెప్పవచ్చును. పెట్టెలన్నిటిని విప్పి ఒకే వరుసగ ఇమ్మనవచ్చును. లేదా పెట్టెల అమరికను చెడగొట్టక, లోపలి వస్తువులను మాత్రము మార్చి ఇమ్మనవచ్చును. మనకు రెండవది కావలెను. ‘సంఖ్యలు కనబడినచోట 25.4 చే గుణించుము. తక్కినవానిని ముట్టకుము’ అని ఒక్క వాక్యములో చెప్పినచో పని ముగిసినది. తాలూకాలున్న జిల్లాకును, లేని జిల్లాకును ఒకే వాక్యము. అసలు పెట్టె చెక్కుచెదరక ఉన్నది. కొత్త పెట్టె వేరుగ ఉన్నది. నడుమ పని ఆగినను సగము మారిన లెక్కలు మిగులవు. కొత్త పెట్టె వచ్చినచో పూర్తిగ వచ్చును. రానిచో అసలే రాదు.

కాని జాగ్రత్త! కేంద్రము ఎత్తు కూడ సంఖ్యయే గదా? 100 అడుగుల ఎత్తున ఉన్న కేంద్రము ఈ వాక్యముతో 2540 అగును. యంత్రము ఏ అభ్యంతరమును చెప్పదు. అది వస్తువు జాతిని చూచినదే కాని అర్థమును చూడలేదు. సంఖ్య యగుట ఒక సంగతి, వాన యగుట మరియొక సంగతి. ఈ తేడాను మనుష్యుడే చెప్పవలెను.

చెప్పుటకు మెకార్తీ నియమమే దారి చూపును. మన సొంత ప్రమేయమును ఇట్లు కూర్చవచ్చును: చేతికి వచ్చిన పెట్టెలో ‘వాన’ అను చీటీ అంటించిన అంశమున్నచో దానిని మాత్రము 25.4 చే గుణించుము. లోపల మరల పెట్టెలున్నచో ప్రతిదానికి ఈ నియమమునే ప్రయోగించుము. తక్కినవానిని ఉన్నవున్నట్లు ఉంచుము. అయిదారు పంక్తులలో ఇది ముగియును. ఎత్తు చెడదు; పేరు చెడదు.

కొన్ని అంశములను మాత్రమే సవరించవలెనన్నచో ‘మోడిఫై-లిస్ట్’ అను ప్రమేయము కలదు. సవరణలను కూడ అదే ఆకారమున చిన్న పెట్టెగ కట్టి ఇచ్చినచో, పేర్లు కలిసినచోట కొత్తవానిని పెట్టి, తక్కినవానిని అట్లే ఉంచును. పేరులో పేరు వెదకుచు లోపలికి కూడ దిగును. అచ్చుప్రతి దిద్దువారు సవరణల పట్టికను విడిగ పంపినట్లే ఇది.

అంశములను తొలగించునపుడు లూపు ఎట్లు మోసగించునో కూడ చూడదగినది. అయిదు కేంద్రములలో లెక్కలు సరిగలేని వానిని తీసివేయవలెననుకొందము. లూపు 1 నుండి 5 వరకు తిరుగుచున్నది. మూడవది చెడ్డదని తీసివేసినంతనే నాలుగవది జరిగి మూడవ స్థానమునకు వచ్చును. లూపు మాత్రము 4 కు పోవును. అచ్చట ఇప్పుడున్నది పూర్వపు అయిదవది. పూర్వపు నాలుగవదానిని ఎవరును పరీక్షింపలేదు. తరువాత లూపు 5 ను అడుగును. అయిదవది అసలే లేదు. వరుసలో నిలిచినవారిని లెక్కించుచు నడుమనొకరిని పంపివేసినచో లెక్క తప్పునట్లే ఇదియు. ‘ఫిల్టర్’ అను ప్రమేయము అసలు వరుసను కదలింపదు. షరతునకు సరిపోయినవానిని ఏరి కొత్త జాబితాను ఇచ్చును. జల్లెడ పట్టుటకును, చేతితో ఏరివేయుటకును గల తేడా ఇది.

ఈ పనులను ఇంకను స్పష్టమైన పేర్లతో అందించుటకు 2015లో ‘పర్’ అను ఉపకరణముల సంపుటి వెలువడినది. న్యూజీలండులో పుట్టిన హాడ్లీ వికమ్ దీని కర్తలలో ముఖ్యుడు. 2022లో వచ్చిన దాని 1.0.0 సంచికలో వృక్షమువలె కొమ్మలు వేసిన జాబితాను ఆకుల వరకు మార్చు ‘మోడిఫై-ట్రీ’ అను ప్రమేయము చేరినది. పేరు కొత్తది, భావము 1960 నాటి సబ్‌స్ట్‌కు మనుమని వంటిది.

లూపు నిజముగ పోయినదా?

లూపును మానినంతనే లెక్క వేగముగ సాగునని ఒక నమ్మకము ప్రబలియున్నది. ఇది పూర్తిగ సరికాదు. ఎల్-అప్లై లోపల యంత్రము ఒక్కొక్క అంశమును వరుసగనే తాకును. అనగా లూపు పోలేదు, తెరవెనుకకు పోయినది. ఒకప్పుడు ఆర్ భాషలో లూపులు మందకొడిగ నడచిన మాట నిజము. 2011లో ల్యూక్ టియర్నీ నిర్మించిన సంకలని ఆర్ భాషలో చేరినది. 2017లో వచ్చిన 3.4.0 సంచిక నుండి అది తనంతట తానే పనిచేయుచున్నది. ఇప్పుడు చక్కగ వ్రాసిన లూపు కూడ తగిన వేగముతోనే నడచును. పూర్వము పెద్ద జాబితాలో ఒక్క అంశమును మార్చినను పెట్టెలన్నిటికి నకలు తీయు సందర్భములుండెను. 2014లో వచ్చిన 3.1.0 సంచిక నుండి పై పెట్టెకు మాత్రము నకలు తీసి, మారని లోపలి పెట్టెలను ఇరువురును పంచుకొను ఏర్పాటు జరిగినది. కాబట్టి ‘అసలును చెరుపరాదు’ అను నియమమునకు చెల్లించవలసిన మూల్యము చాల తగ్గినది.

ఒక అంశము ఫలితము దాని వెనుకటి ఫలితముపై ఆధారపడినచోట లూపే సహజము కావచ్చును. నేటి చెరువు నీటిమట్టము నిన్నటి మట్టముపై ఆధారపడును. దానిని రోజు వెంట రోజుగ లెక్కించవలసినదే. వానలెక్కలలో అట్లు కాదు. ఒక కేంద్రపు అంగుళములను మార్చుటకు ప్రక్క కేంద్రముతో పని లేదు. ఇట్లు ఒకదానితో ఒకటి సంబంధము లేని పనులను పలు యంత్రములకు పంచి ఇవ్వవచ్చును. 2004లో గూగుల్ సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ వేలకొలది యంత్రములకు పనిని పంచు పద్ధతిని వివరించుచు, ఆ భావము లిస్ప్ భాషలోని సమష్టి క్రియలనుండి గ్రహించినదని తెలిపిరి. ‘ఈ క్రమములో చేయుము’ అని చెప్పక ‘అన్నిటికి చేయుము’ అని చెప్పినందువలన ఒనగూడిన లాభమిది. 2011 నుండి ఆర్ భాషలో కూడ పనిని యంత్రములోని పలు భాగములకు పంచు ఎల్-అప్లై రూపములు కలవు.

పాఠశాలలో

ఈ విషయమును బోధించుటకు కంప్యూటరు తప్పనిసరి కాదు. నల్లబల్లపై కుండలీకరణములతో ఒక సమాసమును వ్రాసి, అందులోని ఎక్స్‌కు బదులు 3 ప్రతిక్షేపించుమని విద్యార్థులకు చెప్పవచ్చును. వారు లోపలి కుండలీకరణములలోనికి దిగి, ఎక్స్ కనబడినచోట 3 వ్రాసి, తక్కినవి ఉన్నవున్నట్లు దించి, క్రింది పంక్తిలో కొత్త సమాసమును వ్రాయుదురు. పై పంక్తిని చెరుపరు. పరీక్షకుడు రెండు పంక్తులను పోల్చి తప్పును పట్టగలడు. 1960లో మెకార్తీ యంత్రమునకు నేర్పినదియు ఇదియే.

విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు మూడు: నా చేతికి వచ్చినది పెట్టెయా, వస్తువా? వస్తువైనచో ఇది నేను మార్చవలసినదేనా? మార్చిన తరువాత అసలు ఎక్కడ ఉన్నది? మొదటి ప్రశ్నకు యంత్రమే జవాబు చెప్పుకొనగలదు. మూడవదానికి భాషను కట్టినవారు ఏర్పాటు చేసినారు. రెండవ ప్రశ్నకు జవాబు మాత్రము వానకును ఎత్తునకును గల భేదమును ఎరిగినవాడే చెప్పవలెను.